వెంచర్‌లో తెంపిన కూర

ఆ శనివారం పిల్లలు తెంపుకొచ్చిన ఆకుల్లో ఆరు రకాలున్నాయి. గంగవాయిలి, పొన్నగంటి, దొగ్గలి, తుమ్మి, అటికమామిడి, గునుగు. ఒక్కో రకాన్నీ చాప మీద విడిగా పరిచి, పేరు చెప్పించి, నలిపి వాసన చూపించి, ఆ తర్వాతే కలపనిచ్చాను. తెలియని ఆకు ఒక్కటి కూడా గిన్నెలో పడకూడదని నా భయం. పందొమ్మిది మంది ఆడపిల్లలు, అందరూ పది నుంచి పదమూడేళ్ళ లోపువాళ్ళు. వాళ్ళ తల్లులు నన్ను నమ్మి పంపించారు. ఆకును సరిగ్గా గుర్తుపడితే చాలు, ఇక గండం లేదని అనుకునేదాన్ని అప్పట్లో.

నాకు భయం చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంటికి రావాల్సిన మనిషి కాస్త ఆలస్యమైతే గడపలోకి వచ్చి నిలబడతాను. మా ఆయన ఇబ్రహీంపట్నం నుంచి హయత్‌నగర్‌కు ఆటో నడిపేవాడు. "నేనొచ్చేదాక నువ్వు నిలవడే ఉంటవు, కాళ్ళు నొయ్యవా?" అని నవ్వేవాడు. అలాంటిదాన్ని నేను ఊరి ఆడపిల్లలను పోగుచేసి వంట ఎందుకు నేర్పబోయానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఔటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్న రోజులవి. ఆదిభట్ల వైపు పెద్ద కంపెనీలు వస్తాయని అందరూ చెప్పుకుంటున్నారు. నేను ఇంట్లో మిషన్ కుట్టేదాన్ని. సిటీ నుంచి ఒక సంస్థ మేడమ్ వచ్చి, శనివారాలు ఆడపిల్లలకు చేతిపనులు నేర్పే మనిషి కావాలని మహిళా సంఘంలో అడిగింది. ప్లాస్టిక్ లేని పనులు, మన చుట్టూ దొరికే వాటితో చేసే పనులు కావాలంది. పదో తరగతి తప్పినదాన్నని ముందే చెప్పాను. "మీ అమ్మమ్మ మీకేం నేర్పిందో అదే నేర్పండి, చాలు" అంది.

అలా సంఘం గదిలో మొదలైంది. పాత చీరలతో సంచులు కుట్టాము. పేపర్లతో కవర్లు చేసి కిరాణా దుకాణాలకు ఇచ్చాము. మోదుగాకులు పుల్లలతో గుచ్చి ఇస్తార్లు కుట్టడం పిల్లలకు అన్నిటికంటే ఇష్టం. నెలకొకసారి వంట. కూర కొనకూడదు, తెంపుకొచ్చిందే వండాలి. ఈ నియమం నేనే పెట్టాను.

కూరకు మేం వెళ్ళేది వెంచర్‌కు. ఊరి చుట్టూ జొన్నచేలను కొని, చదును చేసి, తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. కొన్నవాళ్ళు ఎక్కడో సిటీలో ఉంటారు, ఇల్లు కట్టరు. దున్నేవాడు లేక, వాన పడగానే ఆ నేల నిండా కూర మొలిచేది. ఆర్చి పక్కన రేకుల గదిలో కాపలా ఉండే ముసలాయన మమ్మల్ని ఎప్పుడూ ఆపలేదు. "తెంపుకోండ్రి బిడ్డా, గడ్డి తీసే పని తప్పుతది నాకు" అనేవాడు.

ఆ పొద్దున ఆయన లేడు. గది తాళం వేసి ఉంది. రెండు రోజులుగా వాన లేక నేల ఆరింది. పిల్లలు నీళ్ళ ట్యాంకు వైపు ఉరికారు, అక్కడ గంగవాయిలి చాపలా పరుచుకుని ఉంది. అందరికంటే ఎక్కువ తెంపింది ఒక పొడుగు పిల్ల. వాళ్ళమ్మ హయత్‌నగర్‌లో ఆకుకూరలు అమ్ముతుంది, అందుకని ఆ పిల్ల చెయ్యి కూర మీద చకచకా ఆడేది. సంచి నిండిపోతే ఓణీ కొంగులో కూడా పోసుకొచ్చింది.

మూడు నీళ్ళు కడిగాము. పప్పులో వేసి ఉడికించాము. జొన్నరొట్టెలు నేను కొట్టాను, పెద్ద పిల్లలు కాల్చారు. వాళ్ళు కుట్టిన ఇస్తార్లలోనే వడ్డించాను. పొడుగు పిల్ల మూడుసార్లు వేయించుకుంది. పదేళ్ళ నా బిడ్డ మాత్రం ఆకుకూర ముట్టదు. రొట్టె మీద మామిడి తొక్కు పచ్చడి వేసుకుని, ఓ మూల పొడుగు పిల్ల పక్కన కూర్చుని తింది. నేను చూశాను కానీ ఏమీ అనలేదు. పది మందిలో ఏడిపించడం ఎందుకులే అనుకున్నాను.

పిల్లలు వెళ్ళిపోయాక నేను గది ఊడుస్తుండగా కాపలా ముసలాయన సీసా పట్టుకుని మంచినీళ్ళ కోసం వచ్చాడు. గడప దగ్గర మిగిలిన కూర కుప్పను చూసి ఆగాడు.

"గీ కూర ఏడ తెంపిండ్రు బిడ్డా?"

"మీ వెంచర్లనే తాతా. పొద్దుగాల వచ్చినం, నువ్వు లేవు."

"ఊరికి పోయిన. గిప్పుడే బస్సు దిగిన." ఆయన సీసా కింద పెట్టాడు. "ఏ దిక్కు తెంపిండ్రు?"

"ట్యాంకు దిక్కు."

"అటు దిక్కు మొన్న గడ్డి మందు కొట్టిండ్రు గద! ఆదివారం ప్లాట్లు చూసెటోళ్ళు వస్తరని సూపర్‌వైజర్ కొట్టిపిచ్చిండు."

నాకు ఆ మాట వినపడింది గానీ లోపలికి పోలేదు. "ఆకు పచ్చగనే ఉండె గద తాతా" అన్నాను.

"గా మందు గట్లనే. కొట్టినంక ఐదారు దినాలకు గని ఎండది." ఆయన నా ముఖంలోకి చూశాడు. "తిన్నరా?"

"తిన్నరు."

చీపురు నా చేతిలోనే ఉంది. మిగిలిన కూరను ఎత్తి బయటి పెంటలో పారేశాను. అంతలోనే, డాక్టర్ అడుగుతాడేమో అనిపించి మళ్ళీ వెళ్ళి ఏరి కవర్లో వేసుకున్నాను. ముసలాయన వెనకే నిలబడి, "నాకు గా మందు పేరు గూడ తెల్వది బిడ్డా, డబ్బ మాత్రం గదిలున్నది" అంటున్నాడు. వాళ్ళు తిని రెండు గంటలు దాటిందని నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. మా నాలుక మీద మందు చేదు ఎందుకు తగల్లేదు? నేను కూడా తిన్నాను. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. నొప్పి ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

నా బిడ్డను వెంటబెట్టుకుని బయలుదేరాను. పిల్లల ఇళ్ళన్నీ దానికే బాగా తెలుసు.

మొదటి ఇంట్లో తల్లి బియ్యం చెరుగుతోంది. "ఏం సంగతక్కా, గీ యాల్లకొచ్చినవ్?" అంది.

చెప్పాలనే వెళ్ళాను. నోరు తెరిస్తే మరో మాట వచ్చింది. "ఊరికెనే. పిల్లేం జేస్తుంది?"

"ఆడుకోవోయింది. కూర మంచిగుండెనంట గద, నాకు గూడ తేవద్దా?"

నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. రెండో ఇంట్లో కత్తెర మర్చిపోయానేమోనని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల వాకిట్లో తాడాట ఆడుతోంది. ఇద్దరూ బాగానే ఉన్నారు, అందరూ బాగానే ఉంటారు, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి చుట్టి వస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో ఇంట్లో పిల్ల పడుకుని ఉంది.

"జర లేపవా చెల్లె?" అన్నాను.

"ఎందుకు? ఎండకు తిరిగొచ్చి పండుకున్నది, పండనియ్యి."

"లేదు, లేపు."

"ఎందుకక్కా?" ఆమె గొంతు మారింది. ఇక తప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా మాట పూర్తికాక ముందే ఆమె లోపలికి ఉరికి పిల్లను భుజాలు పట్టి ఊపింది. పిల్ల కళ్ళు నులుముకుంటూ లేచి, "ఏందే?" అని కసురుకుంది. ఆ కసురు విని నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ తల్లి అప్పటికే గోడ మీదుగా పక్కింటిని పిలుస్తోంది.

ఆ తర్వాత కబురు నాకంటే ముందు నడిచింది. నాలుగో ఇంటికి చేరేసరికి గడపల్లో జనం. ఒకామె తన బిడ్డ నోట్లో ఉప్పునీళ్ళు పోస్తోంది. ఒకాయన, "సర్టిఫికెట్ లేనోళ్ళ చేతికి పిల్లల్ని ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాడు. నేను ఒక్కో పిల్ల ముఖం పట్టుకుని చూశాను, కడుపులో నొప్పి ఉందా అని అడిగాను. పెద్దవాళ్ళ ముఖాలు చూసి జడిసి, ఇద్దరు ఉందన్నారు. నిజమో భయమో నాకు తెలియలేదు.

పొడుగు పిల్ల ఇల్లు చెరువు కింది వాడలో చివరది. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళూ వాళ్ళ నాయిన చేపలు పట్టేవాడు. నీళ్ళు అడుగంటాక కూలికి పోతున్నాడు, ఆ వారం ఊళ్ళో లేడు. మేం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. తల్లి అప్పుడే హయత్‌నగర్ నుంచి దిగినట్టుంది, ఖాళీ గంప గడపలోనే ఉంది. పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుంది. మంచం కింద బూడిద పోసి ఉంది.

"రెండుసార్లు కక్కింది" అంది తల్లి. "నేను బస్సు దిగంగనే చెప్పిండ్రు. మందు కొట్టిన కూర పెట్టినవంట."

"నాకు తెల్వదక్కా. ఒట్టు, నాకు తెల్వది."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. నా వెనక నిలబడిన నా బిడ్డను చూసింది.

"నీ బిడ్డ తిన్నదా?"

వెంట వచ్చినవాళ్ళంతా నా బిడ్డ వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోగా నా బిడ్డ ముందుకొచ్చి, "నేన్గూడ తిన్న అత్తా. రెండుసార్లు పెట్టించుకున్న" అంది. ఎక్కడా తడబడకుండా, తల నిటారుగా నిలిపి చెప్పింది.

నాకు ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ అబద్ధం కింద తలదాచుకోవచ్చు. ఎవరూ ఇక నన్నేమీ అనలేరు. ఒక ఊపిరి తీసినంత సేపు అలాగే నిలబడ్డాను కూడా. అప్పుడు పొడుగు పిల్ల మంచం మీది నుంచి కళ్ళు తెరిచి నా బిడ్డను చూసింది. దానికి తెలుసు. పక్కపక్కనే కూర్చుని తిన్నారు వాళ్ళిద్దరూ.

"లేదక్కా" అన్నాను. "అబద్ధం. నా కోసమని చెప్తుంది. తినలే. అది ఆకుకూర ముట్టది. తొక్కేసుకుని తిన్నది."

ఎవరో వెనక నుంచి తిట్టారు. నా బిడ్డ ఏడవడం మొదలుపెట్టింది. ఆ తల్లి గంపను కాలితో పక్కకు నెట్టి, "మీ ఆటో ఏడున్నది? దవాఖానకు నడువు" అంది.

మా ఆయన స్టాండు దగ్గరే ఉన్నాడు. దారిలో వెంచర్ ఆర్చి దగ్గర ఆటో ఆపి మందు డబ్బా అడిగాము. ముసలాయన తలుపు సగమే తెరిచాడు.

"నా కొల్వు పోతది బిడ్డా. నేనిచ్చిననని తెలిస్తే సూపర్‌వైజర్ రేపే పొమ్మంటడు."

"పిల్ల కక్కుతుంది తాతా" అన్నాను.

ఆయన ఆటోలోకి తొంగి, తల్లి ఒళ్ళో తల పెట్టుకున్న పిల్లను చూశాడు. డబ్బా తెచ్చి, పేరున్న కాగితం చిరగకుండా తన తువ్వాలలో చుట్టి ఇచ్చాడు.

దవాఖానలో డ్యూటీలో ఉన్నది ఓ కుర్ర డాక్టర్. డబ్బా మీది సన్నటి అక్షరాలు లైటు కిందికి తీసుకెళ్ళి చదివాడు. నా కవర్లోని ఆకులు చూశాడు. ఎన్నిసార్లు కడిగారు, ఎంతసేపు ఉడికించారు, ఎంత తిన్నది అని అడిగాడు. మూడుసార్లు వేయించుకుందని చెప్పాను.

"ఇది పురుగుల మందు లాంటిది కాదమ్మా" అన్నాడు. "ఆకు మీద ఉండేదే కొంచెం, అందులో కడిగారు. ప్రాణభయం ఉండదనే అనుకుంటున్నా. కానీ తప్పకుండా ఏమీ కాదని నేను రాసివ్వలేను. సెలైన్ పెడదాం. పొద్దున వరకు ఇక్కడే ఉంచండి. మిగతా పిల్లల్లో ఎవరికి వాంతి అయినా వెంటనే తీసుకురండి."

అనుకుంటున్నా అన్న మాటనే పట్టుకుని వేలాడాను. ఆ డాక్టర్ గుమ్మం దాటినప్పుడల్లా ఆయన ముఖం చదవడానికి చూశాను. నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. చాలాసేపటికి ఆ తల్లి లోపలి నుంచి వచ్చింది.

"కూసో" అంది. "నువ్వు గట్ల నిలవడితే నాకింకా భయమైతుంది."

కూర్చున్నాను.

తెల్లారేసరికి పిల్ల లేచి ఇడ్లీ కావాలంది. మిగతా పద్దెనిమిది మందిలో ఎవరూ దవాఖానకు రావలసిన అవసరం పడలేదు. ఇంటికి వస్తుంటే వెంచర్ ఆర్చి కింద కార్లు ఆగి ఉన్నాయి, ప్లాట్లు చూసేవాళ్ళు గొడుగులు పట్టుకుని తిరుగుతున్నారు. గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.

బుధవారం నాటికి పచ్చగా ఉన్నది పసుపయ్యింది. నేను ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. మందు ఎక్కడి దాకా కొట్టారో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. ట్యాంకు ముందు నుంచి అడ్డంగా ఒక గీత. గీతకు ఇవతల అంతా వాడి, ఆకుల అంచులు మాడి ఉన్నాయి. అవతల గంగవాయిలి నవనవలాడుతోంది. మేం తెంపింది ఆ గీతకు రెండు వైపులా. పొడుగు పిల్ల సంచి ఎటువైపు నిండిందో, కొంగు ఎటువైపు నిండిందో గుర్తు తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా రాలేదు. మందు వల్లే కక్కిందా, మూడుసార్లు తిని ఎండలో తిరిగినందుకు కక్కిందా, ఈ జన్మకు తెలియదు.

మేడమ్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె వంట మాత్రం ఇక వద్దని, మిగతా పనులు పిల్లలు వస్తే చేయించమని అంది. పిల్లలు రాలేదు. మూడు శనివారాలు నేనూ నా బిడ్డా గది తెరిచి, కూర్చుని, మూసి వచ్చాము. దానితో నేను ఆ అబద్ధం గురించి మాట్లాడలేదు. ఒకరోజు అదే అడిగింది, "నీ మీదికెల్లి మాట తప్పియ్యాలనుకున్న. తప్పా అమ్మా?" అని. దగ్గరికి తీసుకున్నాను.

నాలుగో శనివారం పొడుగు పిల్ల తల్లి వచ్చింది. బజారుకు పోకుండా వచ్చింది. వెనక పిల్ల.

"ఏం కుడ్తున్నవ్?" అని అడిగి, చాప మీద కూర్చుంది. "ఇంట్ల ఉంటే దీని నోరు ఆగుతలేదు. శనివారమొస్తే సతాయిస్తుంది."

"మళ్ళ పంపిస్తవా అక్కా?" అన్నాను.

"పంపిస్త. గని పొయ్యి మీదికి పొయ్యే ఆకు ముందుగాల నా కండ్ల ముందటికి రావాలె." తనలో తను అనుకున్నట్టు అంది: "నేనమ్మే కూరల మీద ఏం కొడ్తరో నాకెరుకనా? గంపల పోసిస్తరు, నేనమ్ముత. ఎన్ని ఇండ్లల్ల తింటరో. ఆనాటికెల్లి నాకు గదే ఫికరు."

ఆమె వచ్చిందని తెలిసి మరో వారానికి తొమ్మిది మంది వచ్చారు. ఏం చేద్దామంటే పొడుగు పిల్లే చెప్పింది: మందు కొట్టిన చోట జెండా పాతాలి, అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఒక పాత ఎర్రచీర కోసి ఇరవై జెండాలు కుట్టారు. వాటిని పట్టుకుని వెంచర్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాము. ఎందుకొచ్చామో పొడుగు పిల్ల తల్లి చెప్పింది.

ఆయన జెండాలు చూసి అదిరిపడ్డాడు. "ఎర్రజెండాలా? కొనెటోళ్ళు చూస్తే భూమి మీద లొల్లి ఉన్నదనుకోరా? ఒక్క ప్లాటు పోదు. తీస్కపోండ్రి తీస్కపోండ్రి."

దారంతా పిల్లలు మూతులు ముడుచుకుని నడిచారు. మరుసటి వారం తెల్లగుడ్డను పసుపులో నానబెట్టి జెండాలు చేశారు. నాలుగు రోజుల ఎండకు వెలిసిపోయాయి. చివరికి ఒక పిల్ల అమ్మమ్మ పెట్టెలోంచి పసుపుచీర దొరికింది, రంగు గట్టిది. ఆ జెండాలకు సూపర్‌వైజర్ సరే అన్నాడు, మమ్మల్ని వదిలించుకోవడానికే కావచ్చు. కాపలా ముసలాయన కొలువు పోలేదు. మందు కొట్టిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుని రాళ్ళకు జెండాలు కట్టేవాడు. పక్క వెంచర్ల కాపలావాళ్ళు కూడా వచ్చి అడిగితే పిల్లలు వాళ్ళకూ కుట్టిచ్చారు.

మరుసటి వానకాలానికి మూడు వైపులా పసుపు జెండాలే. తెంపడానికి చోటు లేదు. సంఘం గది వెనక ఉన్న పిడికెడు జాగాలో ఇటుకలు ఏరేసి, పేడ ఎరువు వేసి, పిల్లలు కూర విత్తారు. పొడుగు పిల్ల తల్లి వారానికొకసారి వచ్చి ఆకు తిప్పి చూసేది. పురుగు తిన్న ఆకు కనబడితే, "గిది మంచిది, పురుగే తిన్నది" అనేది.

మేడమ్‌ను అడిగి ఒప్పించి, ఆ మడిలోంచి మొదటిసారి వండిన రోజు ఇస్తార్లు పరిచాక ఎవరూ చెయ్యి పెట్టలేదు. పిల్లలు నా వైపు చూస్తున్నారు. నేను ముందు తిన్నాను. నా పక్కన ఆ తల్లి తింది. తర్వాత పిల్లలు. నేను వాళ్ళ నోళ్ళనే చూస్తూ కూర్చున్నాను, నా ముద్ద చల్లారిపోయింది.

సాయంత్రం కాళ్ళు ఆగక మళ్ళీ ఇళ్ళు చుట్టడానికి బయలుదేరాను. ఈసారి మొదటి ఇంట్లోనే, ఎందుకొచ్చానో చెప్పి మరీ అడిగాను. బియ్యం చెరిగే ఆ తల్లి చేట పక్కన పెట్టి, "కూసోని పోక్కా, పిల్ల ఆడుకొని ఇంటికొచ్చేదాక ఉండి చూసే పోదువు" అంది. కూర్చున్నాను. ఆ పిల్ల చీకటి పడే వేళకు వచ్చి, నన్ను చూసి నవ్వి, ఆకలైతుందని వాళ్ళమ్మను అడిగింది.